ఆ ఐదు రోజులూ ఆట మానాలా?

మా స్త్రీల ఓ.పి.కి ఆడపిల్లలను వెంటబెట్టుకుని వచ్చే తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఈ నెల తీసుకుంటున్నాను. "నెలసరిలో ఉన్నప్పుడు పిల్ల స్కూల్లో ఆడవచ్చా? పరుగులు పెడితే గర్భసంచికి ఏమీ కాదు కదా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. అడగడం మంచిదే. అడగకుండానే "నాలుగు రోజులు కుదురుగా కూర్చో" అని ఇంట్లో తీర్పు చెప్పేసేవాళ్ళే ఎక్కువ మంది.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆడవచ్చు. నడవవచ్చు, పరుగెత్తవచ్చు, తాడాట ఆడవచ్చు, ఖో ఖో ఆడవచ్చు, సైకిలు తొక్కవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు ఆ రోజుల్లో వ్యాయామం చేసినందువల్ల గర్భసంచి జారిపోదు. రక్తం ప్రమాదకరంగా పోదు. రేపు పెళ్ళయ్యాక పిల్లలు పుట్టడానికి అడ్డేమీ రాదు. అలాగని ఆ రోజుల్లో తప్పకుండా ఆడి తీరాలని కూడా నేను చెప్పడం లేదు. ఆడాలా, కూర్చోవాలా అన్నది ఆ పిల్లే చెప్పాలి. కూర్చుంటానంటే, ఎందుకు కూర్చుంటోందో పెద్దవాళ్ళం కనుక్కోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలిందంతా దానికి కారణాలు.

లోపల జరిగేదేమిటి?

ప్రతి నెలా గర్భసంచి లోపల ఒక మెత్తని పొర పెరుగుతుంది. గర్భం రాకపోతే ఆ పొర ఊడి, కొంత రక్తంతో కలిసి బయటికి వస్తుంది. అదే నెలసరి. చూడడానికి చాలా పోయినట్టు కనిపిస్తుంది గానీ, సాధారణంగా ఒక నెలసరిలో పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ అంటాం. అది చెడు రక్తమూ కాదు, మలినమూ కాదు.

ఆ పొరను బయటికి పంపడానికి గర్భసంచి కండరం ముడుచుకుంటుంది. ముడుచుకునేలా చేసే పదార్థాలను ప్రోస్టాగ్లాండిన్లు అంటారు. ఇవి ఎక్కువగా తయారైన పిల్లకు పొత్తికడుపు మెలిపెట్టినట్టు నొప్పి, నడుం లాగడం, ఒక్కోసారి వాంతులు, విరేచనాలు ఉంటాయి. సాధారణంగా మొదటి రెండు రోజులే ఈ బాధ ఎక్కువ.

"పరుగెత్తితే ఒక్కసారిగా ఎక్కువ పోతోంది" అని కొందరు పిల్లలు భయపడతారు. కూర్చున్నప్పుడో, పడుకున్నప్పుడో లోపల నిలిచి ఉన్న రక్తం లేచి కదలగానే బయటికి వస్తుంది. కొత్తగా పుట్టుకొచ్చిన రక్తం కాదది.

వ్యాయామం ఈ నొప్పిని పెంచుతుందా, తగ్గిస్తుందా? దీని మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ కాక్రేన్ సంస్థ 2019లో ఒకచోట చేర్చి పరిశీలించింది. వారానికి మూడుసార్లు లేదా అంతకన్నా ఎక్కువగా, ఒక్కోసారి 45 నిమిషాల నుంచి గంట వరకు వ్యాయామం చేసే స్త్రీలలో నెలసరి నొప్పి, నూరు పాయింట్ల కొలత మీద సుమారు 25 పాయింట్లు తగ్గవచ్చని అందులో తేలింది. తేలికపాటి వ్యాయామమైనా, కష్టమైనదైనా ఫలితం ఉన్నట్టే కనిపించింది. ఆ పరిశోధనలు చాలావరకు చిన్నవి, గట్టి రుజువులు కావు అని కూడా ఆ నివేదికే చెప్పింది. కాబట్టి వ్యాయామం చేస్తే నొప్పి మాయమవుతుందని మాట ఇవ్వలేను. కానీ హాని అన్న మాటకు ఆధారం లేదని, మేలు జరిగే అవకాశం ఉందని ధైర్యంగా చెప్పగలను.

పొలానికి లేని నిషేధం ఆటకెందుకు?

మన ఊళ్ళలో నాట్ల కాలం గుర్తు తెచ్చుకోండి. మోకాలి లోతు బురదలో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుం వంచి ఆడవాళ్ళు వరి నాటుతారు. మిరపకాయలు కోస్తారు, పత్తి తీస్తారు. ఇంటికి వచ్చి బిందెలతో నీళ్ళు మోస్తారు, బట్టలు ఉతుకుతారు. వాళ్ళలో ప్రతి రోజూ ఎవరో ఒకరు నెలసరిలో ఉండే ఉంటారు. "నువ్వు ఈ రోజు నాటు వేయకు, గర్భసంచి జారిపోతుంది" అని ఏ రైతైనా, ఏ మేస్త్రీ అయినా, ఏ అత్తగారైనా అన్నారా?

వంటింటి ముట్టు, పూజగది ముట్టు పాటించే ఇళ్ళలో కూడా కూలికి వెళ్ళడం ఆగదు. మన క్రైస్తవ కుటుంబాల్లో మైల లేదంటాం, వంటింట్లోకి రానిస్తాం. అయినా "ఎగరకు, గంతులెయ్యకు" అన్న మాట మాత్రం వదిలిపెట్టలేదు. బిందె మోస్తే పాడవని గర్భసంచి బంతి విసిరితే పాడవుతుందా? ఈ నిషేధం శరీరాన్ని చూసి పెట్టింది కాదని దీన్ని బట్టే తెలుస్తుంది. ఆడపిల్ల చేసే పని మనకు కావాలి, ఆమె ఆట మనకు అక్కర్లేదు. అందుకే ఒకటి ఆపం, ఇంకొకటి ఆపుతాం.

నొప్పితో మెలికలు తిరుగుతూ నాటు వేయడం న్యాయమని నా ఉద్దేశం కాదు. విశ్రాంతి కావలసిన కూలి తల్లికి విశ్రాంతి దొరకాలి, ఆడగలిగిన పిల్లకు ఆట దొరకాలి. ఇప్పుడు మనం రెండూ తలకిందులుగా చేస్తున్నాం.

నూట యాభై ఏళ్ళ కిందటే వచ్చిన జవాబు

ఈ భయం మనకొక్కరికే ఉన్నది కాదు. 1873లో అమెరికాలోని బోస్టన్‌లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే డాక్టరు ఒక పుస్తకం రాశాడు. ఎదిగే వయసులో ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే శక్తి అంతా మెదడుకు పోయి గర్భసంచి దెబ్బతింటుందని ఆయన వాదన. ఆటలే కాదు, చదువు కూడా ప్రమాదమే అన్నమాట!

అప్పట్లో మేరీ పట్నం జాకోబీ అనే లేడీ డాక్టరు ఊరికే వాదించకుండా స్త్రీలనే అడిగి చూసింది. ప్రశ్నలు అచ్చువేయించి పంపితే 268 మంది జవాబు రాశారు. వాళ్ళ ఆరోగ్యం, వాళ్ళు చేసే పని, నడక, నొప్పి అన్నీ లెక్క కట్టింది. కొందరు స్త్రీలకు నెల పొడుగునా నాడి, కండరాల బలం కొలిచింది. సరైన పోషణ ఉన్న స్త్రీకి నెలసరి కారణంగా విశ్రాంతి తప్పనిసరి అని చెప్పడానికి ఏ ఆధారమూ లేదని ఆమె తేల్చింది. ఆ వ్యాసానికి 1876లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి బాయిల్‌స్టన్ బహుమతి వచ్చింది. 1877లో పుస్తకంగా అచ్చయింది.

'సరైన పోషణ ఉన్న' అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మన పిల్లల విషయంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

కూర్చున్న పిల్లను ఎందుకని అడగండి

గేమ్స్ పీరియడ్‌లో చెట్టు కింద కూర్చున్న పిల్లను, వి.బి.ఎస్. ఆటల్లో "నాకు ఒంట్లో బాగోలేదు" అని పక్కకు తప్పుకున్న పిల్లను మెల్లగా అడిగి చూడండి. చాలాసార్లు ఈ నాలుగింటిలో ఒకటి బయటపడుతుంది.

మొదటిది మరక భయం. మన స్కూళ్ళలో శనివారం తెల్ల యూనిఫాం, డ్రిల్లు ఉన్న రోజున తెల్ల డ్రస్సు వేయించడం చాలా చోట్ల అలవాటు. ఆ డ్రస్సులో ఏ పిల్ల పరుగెత్తుతుంది? ఇది మన పిల్లల పిరికితనం కాదు. లండన్‌లోని వింబుల్డన్ టెన్నిస్ పోటీల్లో తలనుంచి కాలిదాకా తెల్ల బట్టలే వేయాలన్నది పాత నియమం. ఆటగత్తెలు ఎంతో కాలం ఇబ్బంది చెప్పుకున్న మీదట 2022 నవంబరులో ఆ నియమం సడలించారు. 2023 నుంచి ఆడవాళ్ళు లోపల ముదురు రంగు నిక్కరు వేసుకోవచ్చు. ప్రపంచంలోకెల్లా గొప్ప క్రీడాకారిణులకే మరక భయం ఉంటే, ఎనిమిదో తరగతి పిల్లకు ఉండదా?

రెండవది గుడ్డ, మరుగుదొడ్డి. జారిపోయే గుడ్డ పెట్టుకుని ఎవరూ ఆడలేరు. మార్చుకోవడానికి తలుపు గడియపడే బాత్రూం, నీళ్ళు, పారేయడానికి మూత ఉన్న బుట్ట లేకపోతే ప్యాడ్ ఉన్నా లాభం లేదు. నీళ్ళు తాగితే బాత్రూంకు వెళ్ళాలని పొద్దుటి నుంచి నీళ్ళు కూడా తాగని పిల్లలు ఉన్నారు. వాళ్ళు కూర్చున్నది నెలసరి వల్ల కాదు, మనం కట్టించని గది వల్ల.

మూడవది నొప్పి. "ఆడదానికి నొప్పి మామూలే" అని తీసిపారేస్తాం. వేడినీళ్ళ సంచి పొత్తికడుపు మీద పెట్టుకుంటే చాలామందికి ఉపశమనం వస్తుంది. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే తగ్గిస్తాయి. నొప్పి ముదిరాక కాకుండా మొదలవుతుండగానే, ఏదైనా తిన్నాక, డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవాలి. కడుపులో పుండు, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు అడగకుండా వాడకూడదు. మాత్ర వేసుకుంటే గర్భసంచి పాడవుతుందన్న భయం అక్కర్లేదు.

నాలుగవది, అన్నిటికన్నా పెద్దది, రక్తహీనత. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగం కన్నా ఎక్కువ మందన్నమాట. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత అంటాం. అది తక్కువగా ఉన్న పిల్లకు మెట్లెక్కితే ఆయాసం, నాలుగడుగులు పరుగెత్తితే గుండె దడ. నెలసరి రోజుల్లో అది ఇంకా తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళు "నెలసరి కదా, నీరసం మామూలే" అనుకుంటారు. నెల గడుస్తుంది, మళ్ళీ అదే మాట. జబ్బు మాత్రం లోపలే ఉండిపోతుంది. ఆట మానమని చెప్పడం వల్ల జరుగుతున్న పెద్ద నష్టం ఇదే. మానడానికి ఒక సాకు దొరికింది గనుక, కారణం ఎవరూ వెతకరు.

పోయేది ఐదు రోజులేనా?

నెలకు ఐదు రోజులే కదా, మానేస్తే ఏం పోతుంది అంటారు. లెక్క వేయండి. నెలకు ఐదు రోజులంటే ఏడాదికి అరవై రోజులు, అంటే రెండు నెలలు. ఏ జట్టులోనైనా రెండు నెలలు రాని పిల్లకు చోటు ఉంటుందా? పి.ఇ.టి. మాస్టారు మొదట్లో ఒకటి రెండుసార్లు పిలుస్తారు, తరవాత పిలవడం మానేస్తారు. ఐదు రోజులు కాస్తా పది రోజులవుతాయి. "పెద్దమనిషయ్యాక ఇంకా ఆటలేంటి" అన్న మాట తోడవుతుంది. పదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్ల ఆట పూర్తిగా మరిచిపోతుంది.

ఎముకల్లో గట్టిదనం ఎక్కువగా చేరేది ఆ వయసులోనే. పరుగు, గంతు, బరువు ఎత్తడం ఎముకకు బలాన్నిస్తాయి. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు సగటున రోజుకు గంటసేపు ఒళ్ళు కదిలే ఆటలు ఆడాలని, పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నెలసరి రోజులు మినహాయించమని అందులో ఎక్కడా లేదు. నలభై ఐదేళ్ళకు షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పులతో వచ్చే తల్లులను "రోజూ అరగంట నడవండమ్మా" అంటే, "మాకు అలవాటు లేదండీ, సిగ్గుగా ఉంటుంది" అంటారు. ఆ సిగ్గు ఆ రోజు పుట్టింది కాదు. పన్నెండు పదమూడేళ్ళ వయసులో చెట్టు కింద కూర్చోబెట్టిన రోజున మొదలైంది.

పెద్దవాళ్ళ మాటలో నిజం లేదా?

ఉంది. ఆ రోజుల్లో ఒళ్ళు బరువుగా, నీరసంగా ఉంటుందన్నది నిజమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో మొత్తం 199 కిలోలు ఎత్తి నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క కిలో తేడాతో పతకం తప్పింది. ఆ రోజు తనకు నెలసరి మూడో రోజని, నీరసంగా అనిపించిందని ఆమె దాచకుండా చెప్పింది. మరోవైపు ఇంగ్లండు పరుగుల రాణి పౌలా రాడ్‌క్లిఫ్ 2002లో షికాగో మారథాన్‌ను 2 గంటల 17 నిమిషాల 18 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు సృష్టించింది. ఆ పరుగులో తనకు నెలసరి నొప్పులు ఉన్నాయని ఆమే చెప్పింది. ఒకరికి బరువుగా ఉంటుంది, ఇంకొకరికి ఏమీ అనిపించదు. అదే మనిషికి ఒక నెల ఒకలా, ఇంకో నెల ఇంకోలా ఉంటుంది. కాబట్టి అందరికీ కలిపి ఒకే నియమం పెట్టడం కుదరదు.

విశ్రాంతి తీసుకునే హక్కు వేరు, విశ్రాంతి పేరుతో ఆపడం వేరు. బీహారు ప్రభుత్వం తమ మహిళా ఉద్యోగులకు నెలకు రెండు రోజుల ప్రత్యేక సెలవు 1992లోనే ఇచ్చింది. కావలసిన స్త్రీ అడిగి తీసుకుంటుంది. అక్కర్లేని స్త్రీ పనికి వెళ్తుంది. ఎవరూ ఆమెను ఇంటికి పంపేయరు. మన పిల్లకు కూడా అటువంటి వీలే ఇవ్వాలి. శీర్షాసనం వంటివి ఆ రోజుల్లో వద్దని యోగా నేర్పేవారు చెబుతుంటారు. దానితో నాకు పేచీ లేదు. అవి మానినా నడక ఉంది, ఒళ్ళు సాగదీసే ఆసనాలు ఉన్నాయి.

మనం చేయదగినవి

1. తల్లులు: పిల్లకు మొదటి నెలసరి రాకముందే విషయం చెప్పండి. వచ్చాక "ఆడకు" అనకండి, "ఈ రోజు ఎలా ఉంది?" అని అడగండి.

2. తండ్రులు: ఇది ఆడవాళ్ళ సంగతి అని తప్పుకోకండి. కిరాణా సరుకులతో పాటు ప్యాడ్లు తెచ్చే తండ్రి ఇంట్లో పిల్లకు సగం సిగ్గు పోతుంది.

3. ప్యాడ్ అయినా, మెత్తని నూలు గుడ్డ అయినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. గుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి, చీకట్లో చీర కింద దాచి కాదు. ఆట ఉన్న రోజున బిగుతైన లోదుస్తులు, ముదురు రంగు లెగ్గింగు వేయించండి.

4. తిండి: తోటకూర, ఉలవలు, పప్పులు, చోళ్ళు, గుడ్డు, చేప, కాలేయం. వీటితో పాటు నిమ్మరసం, జామకాయ, ఉసిరికాయ ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం మీద వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. స్కూల్లో వారానికి ఒకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పారేయకుండా వేసుకోమనండి. నులిపురుగుల మాత్ర కూడా మానకూడదు.

5. టీచర్లు, సండే స్కూలు పెద్దలు: తెల్ల డ్రస్సు నియమం ఆటల రోజున తీసేయండి. బాత్రూం తలుపుకు గడియ, లోపల నీళ్ళు ఉన్నాయేమో స్వయంగా చూడండి. ఆడలేనన్న పిల్లను అందరి ముందూ కారణం అడగకండి. ఆడతానన్న పిల్లను ఆపకండి.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు చూపించుకోవాలి?

ఆడుతుండగా కళ్ళు తిరిగినా, గుండె దడ వచ్చినా, నొప్పి పెరిగిపోయినా ఆ రోజుకు ఆపేయాలి. గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటినా, మాత్రకు కూడా తగ్గని నొప్పితో ప్రతి నెలా బడి మానుతున్నా, ఏళ్ళు గడిచేకొద్దీ నొప్పి పెరుగుతున్నా డాక్టరుకు చూపించాలి. ఎండోమెట్రియోసిస్, థైరాయిడ్, రక్తం గడ్డకట్టడంలో లోపం వంటివి ఉండవచ్చు. వీటికి వైద్యం ఉంది. పాలిపోయిన పిల్లకు ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బాగా తక్కువగా ఉంటే చికిత్స మొదలుపెట్టి, బలం వచ్చేకొద్దీ ఆట పెంచాలి. ఇక కఠినంగా శిక్షణ తీసుకునే పిల్లకు మూడు నెలలుగా నెలసరి రాకపోతే, "మంచిదే, గొడవ లేదు" అనుకోకండి. చేసే శ్రమకు తగిన తిండి లేదని శరీరం చెబుతోందేమో చూడాలి. పెళ్ళయిన స్త్రీ అయితే ముందు గర్భం పరీక్ష చేయించుకోవాలి.

ఈ నెల మీ ఇంట్లో ఆడపిల్ల "నేను ఆడను" అంటే సరేనని ఊరుకోకండి, ఎందుకో అడగండి. మరక భయమా, గుడ్డా, నొప్పా, నీరసమా? నాలుగింటికీ పరిష్కారం ఉంది. "ఆడతాను" అంటే మాత్రం ఇంకేమీ అడగకండి. మంచినీళ్ళ సీసా చేతికిచ్చి పంపండి.